ఆన్‌లైన్ రోల్‌ప్లే ఆటల్లో అనుభవ పాయింట్లు న్యాయంగా పంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతాల్లో డిస్కార్డ్ అనే చాట్ యాప్ మీద తెలుగులో రోల్‌ప్లే ఆటలు (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను ఆడేవి) నడుపుకునే చిన్న బృందాల నుంచి ఒకే రకం సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. కథ ఎలా అల్లాలి, పాచిక ఎప్పుడు వేయించాలి అని అడిగేవారి కంటే "నాకెందుకు తక్కువ పాయింట్లు వచ్చాయి", "రానివాడికి ఎందుకిచ్చారు" అని అడిగేవారే ఎక్కువ. ఏడాదిపాటు ముచ్చటగా సాగిన ఆటలు ఈ లెక్క దగ్గర తెగిపోవడం చూడలేక ఈ జవాబులను ఒకచోట చేర్చాను. అంకెలు అవసరమైన చోట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే ఆట ఐదో కూర్పు 2014 నియమాలను తీసుకున్నాను. ఏ జవాబుకు ఆ జవాబే సంపూర్ణం కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## ఆట మొదలుపెట్టే ముందు

అనుభవ పాయింట్లు అసలు దేనికి ఇస్తున్నట్టు?

పోగయ్యే కొద్దీ పాత్ర లెవెల్‌ను, అంటే బలాన్ని పెంచేవి ఈ పాయింట్లు. మీ ఆటలో ఏ పనికి విలువ ఉందో ఆటగాళ్ళకు తెలియజెప్పే సాధనమూ అవే. కథను నడిపే గేమ్ మాస్టర్ ఎన్ని మాటలు చెప్పినా, ఆటగాళ్ళు చివరికి పాయింట్లు ఎటు ఉంటే అటే నడుస్తారు. ఇందులో వారి తప్పేమీ లేదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తొలి రూపాల్లో, నేలమాళిగ నుంచి క్షేమంగా బయటికి తెచ్చిన సంపదకు బంగారు నాణేనికి ఒక పాయింటు చొప్పున లెక్క ఉండేది. దానివల్ల తెలివైన ఆటగాళ్ళు రాక్షసుల జోలికి పోకుండా, చప్పుడు చేయకుండా వెళ్ళి మూట కట్టుకుని రావడానికే చూసేవారు. తరువాతి కూర్పుల్లో ఓడించిన శత్రువులకే ప్రధానంగా పాయింట్లు రావడంతో, అదే ఆటగాళ్ళు అదే నేలమాళిగలో కనిపించిన ప్రతి ప్రాణి మీదికీ కత్తి దూశారు. ఆటగాళ్ళ స్వభావం మారలేదు, లెక్క మాత్రమే మారింది.

అందుచేత ముందుగా బృందమంతా కూర్చుని, ఈ కథలో మనకు ముఖ్యమైనవి ఏమిటో మూడు నాలుగు వాక్యాల్లో తేల్చుకోవాలి. కోటలోని కుట్రను బయటపెట్టడం మీ కథకు ప్రాణమైతే, బయటపడిన ప్రతి రహస్యానికీ పాయింట్లు ఉండాలి. అడవులు, గుహలు తిరగడమే ముఖ్యమైతే, కొత్తగా కనుగొన్న ప్రతి చోటుకూ ఉండాలి. రాజకీయ కథ నడుపుతూ శవాల లెక్కన పాయింట్లు ఇచ్చి, ఆ తరువాత ఆటగాళ్ళు మాట్లాడటం లేదని బాధపడటం న్యాయం కాదు.

పాయింట్ల గొడవ లేకుండా మైలురాయి పద్ధతిలో అందరికీ ఒకేసారి లెవెల్ పెంచేస్తే సరిపోదా?

చాలా బృందాలకు సరిపోతుంది. కథలో ఒక ఘట్టం ముగిసినప్పుడు అందరూ కలిసి తరువాతి లెవెల్‌కు వెళ్ళే ఈ పద్ధతిలో కూడికలు ఉండవు, పోలికలు ఉండవు. ప్రతి వారమూ అదే నలుగురైదుగురు ఆడుతూ, కథ ఒక దారిలో సాగేటప్పుడు నేను దీన్నే సిఫారసు చేస్తాను.

అయితే పదిహేను మంది సభ్యులుండి, ప్రతి సెషన్‌కూ (ఒక పూట ఆటకు) వారిలో వీలైన ఐదుగురే వచ్చే బృందంలో ఇది ఇబ్బంది పెడుతుంది. ఘట్టం ముగిసిన రోజున వచ్చినవారికి లెవెల్ దక్కి, దాన్ని ముగింపు దాకా లాక్కొచ్చినవారికి దక్కకపోతే, అంతకంటే అన్యాయం మరొకటి ఉండదు. అలాంటి చోట పాయింట్లే మేలు.

లెవెల్‌కు ఎన్ని పాయింట్లు పెట్టాలి?

మీరు ఆడే నియమాల్లో ఉన్న పట్టికనే కనీసం మొదటి కథ వరకు మార్చకుండా వాడండి. ఐదో కూర్పులో రెండో లెవెల్‌కు 300, మూడుకు 900, నాలుగుకు 2,700, ఐదుకు 6,500 పాయింట్లు కావాలి. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి విలువ 50 కాబట్టి, నలుగురి బృందం రెండో లెవెల్ చేరడానికి ఇరవైనాలుగు గోబ్లిన్లంత శ్రమ పడాలన్నమాట. మొదటి రెండు లెవెళ్ళు త్వరగా గడిచిపోయి, నాలుగు నుంచి ఐదుకు వెళ్ళేటప్పుడు హఠాత్తుగా 3,800 పాయింట్ల దూరం కనిపించడం సహజమే. ఆ సంగతి ముందే చెప్పకపోతే, గేమ్ మాస్టర్ చెయ్యి బిగించాడని అపోహ పడతారు.

కూడికలు తేలిగ్గా ఉండాలనుకునేవారు పాత్‌ఫైండర్ అనే మరో రోల్‌ప్లే ఆట రెండో కూర్పును చూడవచ్చు. అందులో ఏ లెవెల్‌కైనా 1,000 పాయింట్లే. మధ్యస్థమైన పోరాటానికి ఒక్కొక్కరికి 80 వస్తాయి. చిన్న విజయానికి 10, మోస్తరు విజయానికి 30, పెద్ద విజయానికి 80 చొప్పున పోరాటం లేని పనులకూ అందులోనే లెక్క ఉంది.

నియమాలు రాసిపెట్టాలా? స్నేహితులమే కదా, నోటిమాట చాలదా?

స్నేహితులు కాబట్టే రాసిపెట్టాలి. దేనికి ఎన్ని పాయింట్లు, రాకపోతే ఏమిటి, పాత్ర చనిపోతే ఏమిటి అన్న మూడు విషయాలను ఒక పేజీకి మించకుండా రాసి, ఆట నడిచే ఛానెల్‌లో పైన పిన్ చేస్తే చాలు.

## ఆట నడుస్తుండగా

పోరాటంలో ఎక్కువ దెబ్బలు కొట్టినవారికి ఎక్కువ పాయింట్లు ఇవ్వడం న్యాయం కాదా?

కాదు. శత్రువు మీద యాభై దెబ్బల నష్టం కలిగించిన యోధుడు నిలబడి ఉన్నది వెనుక నుంచి గాయం మాన్పినవారి వల్ల. అసలు శత్రువు ఎక్కడ పొంచి ఉన్నాడో తెలిసింది ముందుగా వెళ్ళి చూసి వచ్చినవారి వల్ల. నష్టాన్ని అంకెల్లో కొలవడం తేలిక. ఈ సాయాలను కొలవడం కష్టం. తేలిగ్గా కొలవగలిగినదానికే విలువ కడితే, రెండు నెలల్లో మీ బృందంలో వైద్యం చేసే పాత్ర ఎవరూ తీసుకోరు.

వేలమంది కలిసి ఆడే కంప్యూటర్ ఆటలు ఈ పాఠాన్ని పెద్ద ఎత్తున నేర్చుకున్నాయి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మొదట్లో, రాక్షసుణ్ణి ముందుగా తాకిన ఆటగాడికో అతని బృందానికో మాత్రమే దానిపై హక్కు ఉండేది. దారిన పోతూ సాయపడిన పరాయివారికి ఏమీ దక్కేది కాదు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2, తగినంత పాలుపంచుకున్న ప్రతివారికీ పూర్తి ప్రతిఫలం ఇచ్చింది. అక్కడ మరొకరు వచ్చి చెయ్యి వేస్తే మన వాటా తరగదు కనుక, వచ్చినవారిని చూసి ఎవరూ మొహం చిట్లించుకోనక్కర్లేదు. చిన్న బృందంలో పోరాటం పాయింట్లను సమానంగా పంచడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

శత్రువులు ఎక్కువమంది ఉంటే పాయింట్లను రెట్టింపు చేయాలని చదివాను. నిజమేనా?

ఇది చాలామంది పొరబడే చోటు. 2014 నియమాల్లో ఆ హెచ్చవేత పోరాటం ఎంత కష్టమో అంచనా వేయడానికే గాని, పాయింట్లు ఇవ్వడానికి కాదు. ఒక్కొక్కటి 50 విలువగల ఆరు గోబ్లిన్లు ఎదురైతే కష్టాన్ని 300కు రెట్టింపుగా, అంటే 600గా లెక్కిస్తారు. కాని గెలిచినందుకు ఇచ్చేది 300 మాత్రమే. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 75 వస్తాయి.

శత్రువును చంపకుండా మాటలతో ఒప్పిస్తే పూర్తి పాయింట్లు ఇవ్వాలా?

ఇవ్వాలి, ఒక్క పాయింటు కూడా తగ్గించకుండా ఇవ్వాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకతీయుల కాలం నాటి కథలో, మోటుపల్లి రేవు నుంచి సరుకు తెస్తున్న బిడారును ఎనిమిది మంది దొంగలు, వారి నాయకుడు అడ్డగించారు. దొంగకు 25, నాయకుడికి 450 చొప్పున మొత్తం 650 పాయింట్లు. బృందంలో ఐదుగురున్నారు. వారిలో ఒకరు, గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయ శాసనాన్ని గుర్తుచేసి, రాజు అభయమిచ్చిన సరుకును ముట్టుకుంటే సైన్యం వెంట పడుతుందని నాయకుణ్ణి హెచ్చరించారు. మరొకరు దారి చూపించినందుకు కూలి ఇస్తామని బేరం పెట్టారు. దొంగలు తప్పుకున్నారు. అయిదుగురికీ తలా 130 పాయింట్లు రావలసిందే. కత్తితో గెలిచి ఉంటే వచ్చేదీ అంతే.

అదే బృందం దొంగల సంగతి ముందే పసిగట్టి, వేరే దారిన సరుకును గమ్యం చేర్చినా పూర్తి పాయింట్లు ఇవ్వడమే నా అభిప్రాయం, ఎందుకంటే వారికి అప్పగించిన పని సరుకు చేర్చడం. వెనుదిరిగి పారిపోయి, సరుకు పోగొట్టుకుంటే పాయింట్లు ఉండవు. అయితే ఆ దొంగల వెనుక ఎవరున్నారో కనిపెట్టి ఉంటే, ఆ రహస్యానికి వేరుగా కొంత ఇవ్వవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం: మాటలతో తప్పించిన దొంగలనే మరుసటి వారం వెతికి చంపినా, అదే అడ్డంకికి రెండోసారి పాయింట్లు రావని ముందే చెప్పాలి.

బాగా రాసేవారికి, పాత్రలో లీనమై ఆడేవారికి అదనంగా ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, కాని దేనికి ఇస్తున్నారో చాలా జాగ్రత్తగా ఎంచుకోవాలి. టైపు చేస్తూ ఆడే ఆటల్లో ఇదే అన్నిటికంటే సున్నితమైన విషయం. ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు లిపిలో చకచకా పేరాలు రాయగలరు. మరొకరు బస్సులో నిలబడి ఫోన్‌లో ఒక వాక్యం కొట్టగలరు. ఇంకొకరు ఇంగ్లిష్ మాధ్యమంలో చదువుకుని, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయగలరు. పొడవుకో, భాషా సౌందర్యానికో పాయింట్లు పెడితే, మనం బహుమతి ఇస్తున్నది ఆటకు కాదు, కీబోర్డుకూ తీరికకూ ఇస్తున్నాం.

నేను చూసే ప్రశ్న ఒక్కటే: ఈ పాత్ర తన స్వభావానికి కట్టుబడి, తనకు నష్టం వస్తుందని తెలిసీ ఒక నిర్ణయం తీసుకుందా? మాట తప్పని వీరుడు తప్పించుకునే అవకాశం ఉండీ శత్రువు శిబిరానికి తిరిగి వెళితే, ఆ సంగతి ఆటగాడు ఆరు మాటల్లో రాసినా అరవై మాటల్లో రాసినా విలువ ఒక్కటే. ఇలాంటి అదనపు పాయింట్లు సెషన్ మొత్తంలో పదో వంతుకు మించకూడదు. తలా 600 వచ్చిన రోజున అదనం 60 దాటరాదు. అంతకు మించితే ఆ కొద్ది పాయింట్ల కోసం అందరూ నాటకీయంగా ప్రవర్తించడం మొదలుపెడతారు, సన్నివేశం ముందుకు కదలదు.

ఎవరికివ్వాలో ఓటు పెట్టడం నాకు నచ్చదు. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ముగ్గురు ఒకరికొకరు ఓటు వేసుకుంటే నాలుగోవాడు ప్రతిసారీ మిగిలిపోతాడు. దానికి బదులు, సెషన్ చివర ప్రతి ఒక్కరూ మరొకరు చేసిన ఒక మంచి పనిని పేరు పెట్టి చెప్పి, అలా చెప్పబడిన ప్రతివారికీ ఒకే మొత్తం ఇచ్చే ఏర్పాటు ఎంతో మేలు చేస్తుంది. ఎవరి పేరూ రాకుండా మిగిలినవారు ఉంటే గేమ్ మాస్టరే వారి పేరు చెప్పాలి. మాటకారులు కానివారు చేసిన పనులు అందరి దృష్టికీ రావడం ఈ పద్ధతిలోనే చూశాను.

పాచిక ప్రతిసారీ నన్ను ముంచుతోంది. ఓడిపోయినా పాయింట్లు ఉంటాయా?

నియమాలను బట్టి ఉంటాయి. డంజియన్ వరల్డ్ అనే రోల్‌ప్లే ఆటలో రెండు పాచికల మొత్తం ఆరు లేదా అంతకంటే తక్కువ వస్తే, ఓటమితో పాటు ఒక పాయింటు కూడా చేతికి వస్తుంది. మీరు ఆడే నియమాల్లో అలాంటిది లేకపోయినా, తెగించి చేసిన ప్రయత్నం విఫలమై కథ మలుపు తిరిగినప్పుడు గెలుపుకు ఇచ్చేదానిలో సగం ఇవ్వడం సబబు.

మధ్యలో కరెంటు పోయి డ్రాప్ అయిపోయాను. ఆ పోరాటం పాయింట్లు నాకు వస్తాయా?

పూర్తిగా రావాలి. మే నెల ఎండల్లో కరెంటు పోవడం, గాలివానకు నెట్ తెగిపోవడం ఆటగాడి చేతిలో ఉన్నవి కావు. పోరాటం మొదట్లో ఉన్నవారిని చివరిదాకా ఉన్నట్టే లెక్కించాలి.

## హాజరు, కొత్తవారు, చనిపోయిన పాత్రలు

సెషన్‌కు రాలేకపోయినవారికి పాయింట్లు ఇవ్వాలా? ఇస్తే వచ్చినవారికి అన్యాయం కాదా?

తగాదాలన్నిటికీ మూలం ఈ ప్రశ్నే కనుక కొంచెం వివరంగా చెప్పాలి. ఎవరు, ఎందుకు రాలేకపోతున్నారో చూడండి. ఇంటర్ చదివే పిల్లవాడు కాలేజీ హాస్టల్‌లో ఉంటే ఫోన్ చేతికి వచ్చేదే సెలవులకు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం ఉన్న ఇంటివారికి సీజనులో రాత్రి కూడా తీరిక ఉండదు. దసరా నవరాత్రుల్లో విజయవాడ దుర్గమ్మ కొండ కింద వన్‌టౌన్‌లో ఉండేవారి ఇళ్ళ నిండా చుట్టాలే. వీరిలో ఎవరూ ఆట మీద ఇష్టం లేక మానలేదు. మరోవైపు, ప్రతి శనివారం పనులు సర్దుకుని ఠంచనుగా వచ్చేవారి శ్రమ కూడా లెక్కకు రావాలి.

నియమ గ్రంథం ఈ విషయాన్ని గేమ్ మాస్టర్‌కే వదిలేసింది: వచ్చినవారికే ఇవ్వవచ్చు, రానివారికీ సమానంగా ఇవ్వవచ్చు. మా బృందాల్లో బాగా పనిచేసినది ఈ రెంటి మధ్య దారి. రాని సెషన్‌కు పాయింట్లు లేవు. అయితే తిరిగి వచ్చిన రోజు నుంచి, బృందంలో అందరికంటే ముందున్నవారితో సమానం అయ్యేదాకా ప్రతి సెషన్‌లోనూ రెట్టింపు పాయింట్లు వస్తాయి. ముందున్నవారికి 6,500 ఉండి, పరీక్షలు ముగించుకుని వచ్చిన విద్యార్థికి 3,600 ఉన్నాయనుకుందాం. సెషన్‌కు 600 చొప్పున ఇస్తుంటే ఇతనికి 1,200 వస్తాయి. 2,900 తేడా ఐదు సెషన్లలో తీరిపోతుంది. రెట్టింపు ఎవరినీ దాటించదు కాబట్టి, క్రమం తప్పకుండా వచ్చినవారి ముందంజకు భంగం రాదు.

పేరు పెట్టడంలోనూ ఆలోచన ఉండాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విడుదలకు ముందు పరీక్షా దశలో, ఎక్కువసేపు ఆడినవారికి పాయింట్లు తగ్గే ఏర్పాటు ఉండేది. ఆటగాళ్ళు దాన్ని శిక్షగా భావించారు. అప్పుడు తయారీదారులు అదే లెక్కను తిప్పి, విశ్రాంతి తీసుకుని వచ్చినవారికి అదనంగా ఇస్తున్నట్టు చూపించారు, అసంతృప్తి తగ్గిపోయింది. మీరు కూడా "రానందుకు కోత" అనకుండా "తిరిగి వచ్చినందుకు రెట్టింపు" అని రాయండి.

అమెరికాలో ఉన్న మా అన్నయ్యకు మన రాత్రి ఆట కుదరదు. అతని వాటా ఎలా?

విజయవాడలో శనివారం రాత్రి 9 గంటలైతే డాలస్‌లో అదే రోజు ఉదయం 10:30, చలికాలంలో 9:30. సమయం అసలు కుదరనివారికి, సెషన్ల మధ్య వారంలో రాతరూపంలో చిన్న సన్నివేశం నడిపి, దానికి సెషన్ పాయింట్లలో సగం ఇవ్వవచ్చు. జవాబుకు రెండు రోజుల గడువు పెట్టకపోతే అది సాగదు.

కొత్తగా చేరినవారు ఒకటో లెవెల్ నుంచే మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ఐదో లెవెల్ బృందానికి ఎదురయ్యే శత్రువు ఒక్క దెబ్బతో ఒకటో లెవెల్ పాత్రను పడగొడతాడు. అప్పుడు కొత్తవారు తొలి సాయంత్రమంతా పడిపోయి చూస్తూ కూర్చోవాలి. బృందంలో అందరికంటే తక్కువ పాయింట్లున్నవారితో సమానంగా మొదలుపెట్టించండి.

నా పాత్ర చనిపోయింది. పాయింట్లు కూడా పోయినట్టేనా?

పోకూడదు. కొత్త పాత్ర పాత పాత్ర పాయింట్లతోనే రావాలి. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్ అనే కంప్యూటర్ ఆటలో చనిపోతే పాయింట్లు పోయేవి, లెవెల్ కూడా తగ్గేది; వేలమంది ఉన్న లోకంలో అది నడిచింది. ఐదుగురి బృందంలో అలా చేస్తే ఎవరూ ప్రమాదానికి ఎదురెళ్ళరు. ఇష్టపడి పెంచుకున్న పాత్ర పోవడమే ఆటగాడికి చాలినంత నష్టం.

## లెక్క చెప్పేటప్పుడు, తగాదా వచ్చినప్పుడు

పాయింట్లు ఎప్పుడు చెప్పాలి? లెక్క ఎవరు రాయాలి?

సెషన్ ముగిసిన వెంటనే, అందరూ ఉండగా చెప్పాలి. మరునాటికి వాయిదా వేస్తే జ్ఞాపకాలు మారతాయి, అనుమానాలు మొదలవుతాయి. అందరూ చూడగలిగే ఒక షీట్‌లో తేదీ, సన్నివేశం, కారణం, పాయింట్లు అన్న నాలుగు గళ్ళు చాలు. కారణం గడిని ఎప్పుడూ ఖాళీగా వదలకండి. గేమ్ మాస్టర్ కాకుండా ఆటగాళ్ళలో ఒకరు ఆ షీట్ రాస్తే, లెక్క అందరిదీ అవుతుంది.

మా గేమ్ మాస్టర్ తన తమ్ముడికే ఎక్కువ ఇస్తున్నాడు. ఏం చేయాలి?

ముందు గత కొన్ని సెషన్ల షీట్ తెరిచి, తేడా నిజంగా ఉందో లేదో చూడండి. ఉంటే, అందరి ముందూ కాకుండా గేమ్ మాస్టర్‌తో విడిగా, "ఈ సన్నివేశంలో ఈ పాయింట్లకు కారణం చెప్పగలరా" అని సన్నివేశం పేరు పెట్టి అడగండి. తమ్ముడి ప్రస్తావన తేవద్దు. తెస్తే మాట ఇంటి మీదికి పోతుంది, లెక్క పక్కన పడుతుంది. గేమ్ మాస్టర్‌కు నేను చెప్పేది వేరు. ఇంటివారు బృందంలో ఉంటే, విడి పాయింట్లు నిర్ణయించే పనిని ఆ కథ వరకు మరొకరికి అప్పగించండి. మీరు ఎంత నిష్పక్షంగా ఉన్నా, చూసేవారికి అలా కనిపించే వీలు కూడా కల్పించాలి.

పొరపాటున ఎక్కువ ఇచ్చిన పాయింట్లను వెనక్కి తీసుకోవచ్చా?

అదే సెషన్‌లో గమనిస్తే సరిదిద్దండి. ఆ పాయింట్లతో ఆటగాడు అప్పటికే లెవెల్ పెరిగి ఉంటే అతన్ని కిందికి దించకండి. మిగతావారికి అంతే మొత్తం ఇచ్చి సమానం చేయండి.

అల్లరి చేసినవారికి పాయింట్లు కోయడం మంచిదేనా?

కాదు. ఒక ఆటగాడు తోటివారిని కించపరిస్తే అది మనుషుల మధ్య సమస్య. దాన్ని మాట్లాడి తేల్చాలి, తేలకపోతే బృందం నుంచి పంపించాలి. పాయింట్లు కోస్తే, ఇంత మూల్యం చెల్లిస్తే ఎవరినైనా కించపరచవచ్చని చెప్పినట్టవుతుంది.

ఒకే అడవికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చిన్న జంతువులను చంపి పాయింట్లు కూడబెడుతున్నారు. ఎలా ఆపాలి?

కంప్యూటర్ ఆటల్లో మన కంటే బాగా తక్కువ లెవెల్ ఉన్న రాక్షసులకు పాయింట్లు రాకపోవడం మామూలే. ఆ నియమాన్నే తీసుకోండి. ప్రమాదం లేని పోరాటానికి పాయింట్లు లేవని ముందే ప్రకటిస్తే సరిపోతుంది. అయినా వారు అడవికే పోతున్నారంటే, అసలు కథలో పాయింట్లు మరీ ఆలస్యంగా వస్తున్నాయేమో చూసుకోవాలి.

కథ ముగిశాక మిగిలిన పాయింట్లను కొత్త కథకు తీసుకుపోవచ్చా?

వద్దు. కొత్త కథలో అందరూ ఒకే చోట నుంచి బయలుదేరాలి, లేకపోతే పాతవారికీ కొత్తవారికీ మధ్య దూరం తొలిరోజునే ఏర్పడుతుంది. పాత పాత్రను వదలలేని ఆటగాడు ఉంటే, ఆ పాత్రను కొత్త కథలో ఊరి పెద్దగానో, కోట కాపలా నాయకుడిగానో గేమ్ మాస్టర్ చేతికి అప్పగించవచ్చు. పాత పాయింట్ల షీట్‌ను మాత్రం చెరిపేయకుండా దాచి ఉంచండి, ఎందుకంటే తరువాతి కథకు సెషన్‌కు ఎన్ని పాయింట్లు పెట్టాలో తేల్చుకోవడానికి మీ బృందం అసలు వేగం అందులోనే ఉంటుంది.